పని ఉన్న ఊరు, నిలుచు ఊరు

ప్రతి సంవత్సరము వేసవిలో మన పాఠశాల పాత విద్యార్థులు కొందరు నన్ను చూచుటకు వత్తురు. వారిలో డిగ్రీ ముగించినవారు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "సార్, ఇప్పుడు ఎక్కడికి పోవలెను? ఎక్కడ స్థిరపడవలెను?" ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. కాని అడుగువారు రెంటిని ఒకే ఊపిరిలో అడుగుదురు. రెంటికిని ఒకే సమాధానము కోరుదురు. తల్లిదండ్రులును అట్లే యున్నారు. కుమారునకు బెంగుళూరులో ఉద్యోగము దొరకినదని తెలిసిన నెలలోనే, అక్కడ ఇల్లు కొందుమా, దానికై ఇక్కడి చేను అమ్ముదుమా యని ఆలోచన మొదలగును. ఆ తొందరను గూర్చియే నేనీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పదవ తరగతి పిల్లలకు ఇది దూరపు మాటగా తోచవచ్చును. అయిదారు సంవత్సరములు గడచుటకు ఎంతో కాలము పట్టదు.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. బ్రతుకుతెరువు కొరకు ఎంత దూరమైనను పొండు. అందులో సిగ్గులేదు, కన్న ఊరికి ద్రోహమును లేదు. కాని పట్టా చేతికి వచ్చిన నాడే, మొదటి జీతము అందిన నాడే, పని ఉన్న ఊరిని శాశ్వతముగా నిలుచు ఊరని నిర్ణయించి, ఉన్న ఆస్తిని, రాబోవు ఇరువది యేండ్ల సంపాదనను దానికి ముడివేయకుడు. పనికి ఒక ఊరు, నిలుచుటకు ఒక ఊరు అని కొంతకాలము వేరుగా ఉంచుడు. రెండును ఒక్కటే కావలసియున్నచో కాలమే వానిని కలుపును. ఈ పాఠము నాకు పుస్తకములలో దొరకినది కాదు. మన కోలారు బంగారు గనుల నేలయే నేర్పినది.

గనుల కథ మీ యిండ్లలో పెద్దలు చెప్పగా వినియే యుందురు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల సంస్థ ఇచ్చట గనులు నడప నారంభించినది. 1902లో కావేరీ తీరమునందలి శివసముద్రము నుండి ఇచ్చటికి విద్యుత్తు వచ్చినది. చాంపియన్ రీఫ్ గని భూమిలోనికి మూడు కిలోమీటర్లకు మించి దిగినది. ఉత్తర ఆర్కాటు నుండి తమిళులు, చిత్తూరు ప్రాంతము నుండి తెలుగువారు, మరి యెన్నో చోట్ల నుండి ఎందరెందరో వచ్చి ఈ నేలమీద నిలిచిరి. వారిని నమ్ముకొని రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అంగళ్ళు వెలసినవి. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనినది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. గనిలో పని దొరకినవానికి ఇల్లు, నీరు, దీపము, ఆసుపత్రి అన్నియు ఆ పని వెంటనే వచ్చినవి. అందుచేత పని వేరు, ఊరు వేరు అను తలంపే మూడు తరముల వారికి కలుగలేదు. 120 సంవత్సరములలో 800 టన్నులకు పైగా బంగార మిచ్చిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి.

నేను అప్పుడు బి.ఏ. చివరి సంవత్సరములో ఉంటిని. మా నాయన గని కార్మికుడు కాడు. పలమనేరు వైపు నుండి మా తాత వచ్చి పెట్టిన చిల్లర అంగడిని నడుపుచుండెను. నెలంతయు సరకులు అప్పుగా నిచ్చి, జీతముల నాడు బాకీలు వసూలు చేసికొనుట ఆ వ్యాపారపు పద్ధతి. గనులు మూతపడుటకు మూడు సంవత్సరములు ముందు, అనగా 1998లో, ఆయన అంగడి మీద మిద్దె ఇల్లు కట్టెను. దానికై తాతగారి ఊరిలో మిగిలియున్న రెండెకరముల చేను అమ్మెను. చాలని మొత్తమునకు అప్పు చేసెను. "గని ఉండేంత వరకూ మనకేమి లోటు?" అనునది ఆయన మాట. ఆ మాట తప్పని అప్పుడు మాలో ఒక్కరికిని తోచలేదు.

గనులు మూతపడిన ఆరు నెలలకు అంగడిలో సరకులు తగ్గినవి. పద్దుపుస్తకములో బాకీలు మాత్రము మిగిలినవి. బాకీదారులలో కొందరు ఊరే విడిచి పోయిరి. ఉన్నవారిని అడుగుటకు మా నాయనకు నోరు రాలేదు. ఇల్లు అమ్ముదమన్నచో పేటలో అమ్మువారే గాని కొనువారు లేరు. ఏబది యేండ్లు దాటిన వయస్సున ఆయన తెల్లవారకముందే రైలెక్కి, బెంగుళూరులో మరియొకరి అంగడిలో లెక్కలు వ్రాయుటకు పోవుచుండెను. రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరుచుండెను. ఆ యింటి అప్పు తీరుటకు తొమ్మిదేండ్లు పట్టినది. మా అక్క పెండ్లి నాలుగేండ్లు ఆగినది. ఇందులో గనిని గాని, అప్పిచ్చినవారిని గాని నేను నిందింపను. భూమిలోని ధాతువు తరుగక మానదు. అంగడి, ఇల్లు, చేను మూడింటిని ఒక్క మొలకు తగిలించిన మా లెక్కయే తప్పు.

ఇది మన ఊరికి మాత్రమే కలిగిన అనుభవము కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల నుండి తెలుగువారు వేలకు వేలు ఓడలెక్కి బర్మాకు పోయిరి. రంగూనును వారు రంగమనిరి. అక్కడ రేవులలో, మిల్లులలో పనిచేసి ఇండ్లకు డబ్బు పంపిరి. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూను మీద బాంబులు వేసినవి. 1942 మార్చిలో ఆ నగరము జపాను వశమయ్యెను. లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడచి తిరిగి వచ్చిరి. త్రోవలోనే ప్రాణములు విడిచినవారు పెక్కురు. వచ్చినవారిలో, స్వగ్రామమున కొంత చేనో, ఒక పూరిల్లో నిలుపుకొనిన వానికి కాలు మోపుటకు చోటుండెను. సర్వస్వమును అక్కడనే పెట్టినవానికి అదియు లేదు. యుద్ధములు ప్రతిదినము రావు. కాని ఒక సంస్థ మూతపడుటకు, ఒక విభాగము మరియొక దేశమునకు తరలిపోవుటకు నేడు యుద్ధమే రానక్కరలేదు. మన గనులు 120 సంవత్సరములు నడచినవి. ఈనాడు మీకు ఉద్యోగమిచ్చు కంపెనీ అన్ని యేండ్లు నడచునని ఎవరు పూచీపడుదురు?

ఇక మీ ముందున్న త్రోవలను చూతము. ముఖ్యముగా మూడు కలవు: బెంగుళూరు, ఆంధ్రము, ఇచ్చటనే నిలుచుట.

బెంగుళూరు మనకు దగ్గర. పని అక్కడ విస్తారముగా కలదు. ఒక కొలువు పోయినను మరియొకటి వెదకుకొనుటకు వీలైన పెద్ద నగరమది. ఈ గుణము ఒకే గనిమీద బ్రతికిన మన పేటకు లేకపోయినది. కనుక అక్కడికి పోవలదని నేను చెప్పను. కాని పోయిన మరు సంవత్సరమే ఇల్లు కొనవలెనను పట్టుదలను మాత్రము ప్రశ్నింతును. ఒక లెక్క వేసి చూతము. 30 లక్షల రూపాయలు నూటికి 9 వడ్డీతో 20 సంవత్సరములకు అప్పు తీసికొనినచో నెలకు సుమారు 27,000 రూపాయలు కట్టవలెను. ఇరువది యేండ్లలో కట్టు మొత్తము సుమారు 65 లక్షలు. జీతము 40,000 వచ్చువానికి నెలకు మిగులునది 13,000. ఆ మిగిలిన దానితో తిని, కట్టి, ఇంటికి పంపి, ఇంకను చదువదలచినచో చదువవలెను. అంతకన్న ముఖ్యమైన నష్టము వేరొకటి కలదు. ఆ అప్పు ఉన్నంతకాలము ఆ యువకుడు నచ్చని పనిని విడువలేడు. మంచి పని మైసూరులోనో, హైదరాబాదులోనో దొరకినను కదలలేడు. తల్లికి జబ్బు చేసినచో రెండు నెలలు సెలవు పెట్టి వచ్చి కూర్చుండలేడు. ఇరువది రెండేండ్ల వయస్సున కాలికి ఇంత బరువు కట్టుకొనుట ఎందులకు?

"ఇల్లు ఇక్కడ, పని అక్కడ అయిన బాగుండును గదా, రోజు రైలులో పోయి రావచ్చును" అని కొందరు తల్లులు అందురు. మారికుప్పము నుండి బంగారపేట మీదుగా బెంగుళూరికి పోవు బండ్లలో వేకువజామున నిలుచుటకు చోటు దొరకని సంగతి మీ యింటి వారికే తెలియును. పోవుటకు, వచ్చుటకు కలిసి దినమునకు అయిదు గంటలు పట్టునని అనుకొందము. సంవత్సరమునకు 300 పనిదినములకు 1500 గంటలు. అనగా రాత్రింబవళ్ళు కలిపి 62 దినములు బండిలోనే గడచును. మా నాయన అట్లు పదకొండేండ్లు గడపెను. ఆయన ఇంటనే యుండెననుట నిజమే; మేము మేలుకొనియుండగా ఇంట నుండుట మాత్రము ఆదివారములందే. ఒకటి రెండు సంవత్సరములకు ఈ పద్ధతి మేలే. బాడుగ మిగులును, కన్నవారికి తోడుండును. దానినే జీవితకాలపు ఏర్పాటుగా తలంపకుడు.

రెండవ త్రోవ ఆంధ్రము. తెలుగు చదివిన పిల్లవాడు తెలుగు రాష్ట్రమునకు పోయిన అన్నియు సులువగునని పెద్దలలో ఒక నమ్మకము కలదు. నేనును ఆ నమ్మకముతోనే 2002లో తెలుగు పండిత శిక్షణకై చిత్తూరు జిల్లాకు పోతిని. శిక్షణ చక్కగా జరిగినది. నాకు చదువు చెప్పిన గురువులను నేటికిని తలచుకొందును. కాని అక్కడి సహాధ్యాయులు నన్ను "కన్నడపోడు" అని పిలిచిరి. ఇచ్చట తెలుగువాడనని పేరుబడినవానికి అక్కడ ఆ పేరు వచ్చినది! అది పరిహాసమే కనుక బాధ లేదు. ఉద్యోగము మాట వచ్చినప్పుడు మాత్రము అసలు సంగతి తెలిసినది. 1973లో 32వ సవరణ ద్వారా రాజ్యాంగములో 371డి అధికరణము చేరినది. దానిననుసరించి 1974లో విద్యాలయ ప్రవేశములకు, 1975లో ప్రభుత్వోద్యోగములకు రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినవి. 1974 నాటి ఉత్తర్వు సీట్లలో 85 శాతము స్థానికులకు కేటాయించినది. 1975 నాటి ఉత్తర్వు ఉద్యోగములలోను వారికే పెద్ద భాగ మిచ్చినది. స్థానికుడెవరు అనుటకు ముఖ్యమైన గుర్తు అతడే ప్రాంతమున ఎన్ని సంవత్సరములు వరుసగా చదివెననునదే. అతని యింటి భాషతో దానికి పని లేదు. తెలుగువాడగుట వేరు, స్థానికుడగుట వేరు.

అప్పుడు నాకు కోపము వచ్చినమాట నిజము. తర్వాత ఆలోచింపగా, ప్రతి ప్రాంతమును తన పిల్లలకు ఇట్టి కంచె వేసికొనుచునే యున్నదని తెలిసినది. మన కర్ణాటకములో ఏడు సంవత్సరములు చదివిన పిల్లవాడు, తెలుగు మాధ్యమమున చదివినను, వృత్తివిద్యల ప్రవేశపరీక్షలో ఈ రాష్ట్రపు అభ్యర్థిగనే లెక్కింపబడును. ఆ హక్కు మనకున్నది. తెలుగు మీద ప్రేమతో పిల్లవానిని ఎనిమిదవ తరగతిలోనో, పి.యు.సి.కో ఆంధ్రమునకు పంపు తల్లిదండ్రులు, ఇక్కడి హక్కు తరుగునా, అక్కడి హక్కు వచ్చునా అను రెండు సంగతులను కాగితము మీద వ్రాసి చూచుకొనిన పిమ్మటనే పంపవలెను. భాష చుట్టరికము కలుపును, సీటు ఇప్పింపదు.

మూడవ త్రోవ ఇచ్చటనే నిలుచుట. "ఉన్న ఊరు, కన్నతల్లి" అని ఉపన్యసించి మిమ్ములను ఇచ్చట కట్టివేయుట నా ఉద్దేశము కాదు. మన జిల్లాకు నిండుగా పారు జీవనది లేదు. బోరుబావులు ఎంత లోతునకు పోయినవో మీ తండ్రులనడిగిన చెప్పుదురు. 2018 నుండి బెంగుళూరులో శుద్ధిచేసిన నీటిని మన చెరువులలోనికి వదలుచున్నారు. వాని వలన చెరువులు నిండినవి, ఆ నీటి గుణమును గూర్చి రైతులలో సందేహములును కలవు. ఇన్ని యిబ్బందులలోను శ్రీనివాసపురము మామిడి, కోలారు టమాటో మండి, ప్రతి పల్లెలోని పాల సంఘము, పట్టుగూళ్ళ పెంపకము నిలిచి యున్నవి. నరసాపురము, వేమగల్లు, మాలూరు ప్రాంతములలో పెద్ద కర్మాగారములు వెలసినవి. 1964లో స్థాపింపబడిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారము గనుల ఊరిలో నేటికిని నడచుచున్నది. జిల్లాలో పనియే లేదనుట సత్యము కాదు. చదివినవాడు చేయదగిన పని కాదని మనమే కొన్నింటిని తీసివేయుచున్నాము. బి.కాం. చదివిన పిల్లవాడు పాల సంఘపు లెక్కలు చూచినచో, బి.ఎస్సీ. చదివినవాడు తండ్రి మామిడితోటకు మందులు, మార్కెట్టు తానే విచారించినచో, ఆ పట్టా వ్యర్థమైనదని ఊరివారు అనకూడదు. బెంగుళూరులో నెలకు 18,000 సంపాదించి బాడుగకు, బస్సుకు సగము పెట్టువానిని గొప్పగా చూచి, ఇచ్చట అంతే మిగుల్చువానిని చిన్నగా చూచుట న్యాయము కాదు.

ఈ మూడు త్రోవలలో ఏది పట్టినను కన్నడము బాగుగా వచ్చి యుండవలెను. తెలుగు ఉపాధ్యాయుడు ఇట్లు చెప్పుచున్నాడేమని ఆశ్చర్యపడకుడు. ఈ రాష్ట్ర ప్రభుత్వోద్యోగమునకు కన్నడ జ్ఞానము తప్పదు. తాలూకా కచేరీలో అర్జీ వ్రాయుటకు, బ్యాంకులో మాటలాడుటకు, ఇరుగుపొరుగుతో మెలగుటకు అది కావలెను. తెలుగు నేర్చిన నోటికి కన్నడము కష్టము కాదు. లిపులును అక్కచెల్లెండ్రవలె నుండును. మన ప్రాంతపు కైవార తాతయ్య గాజులమ్ముచు ఊరూర తిరిగిన వాడని చెప్పుదురు. ఆయన తెలుగునను, కన్నడమునను కీర్తనలు రచించెను. రెండు భాషలలో దేనికిని ఆయన పరాయివాడు కాలేదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము అనుట మనకు లోటు కాదు. చాలమందికి లేని కలిమి. అయితే బెంగుళూరు పోయి స్థిరపడిన మన పిల్లల పిల్లలకు తెలుగు అక్షరములు రాకపోవుటయు నేను చూచుచున్నాను. ఎక్కడ నివసించినను, ఇంటిలో దినమునకు అరగంట తెలుగు చదివించుట తల్లిదండ్రుల చేతిలోని పని. దానికి రాష్ట్రము మారనక్కరలేదు.

ఆడపిల్లల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. పైన చెప్పిన ఆలోచన యంతయు మగపిల్లల కొరకే యని పలువురు తల్లిదండ్రుల భావన. "ఆడపిల్ల ఎట్లాగూ పోయేదే, పెండ్లి ఎక్కడైతే ఊరు అక్కడే" అందురు. మన ప్రాంతపు సంబంధములు సరిహద్దు దాటి పుంగనూరు, మదనపల్లె, కుప్పము వరకు సాగును. డిగ్రీ చదివిన ఆడపిల్ల ఏ ఊరిలో ఉండవలెనో ఆమెను అడుగకుండనే నిశ్చయమగుచున్నది. నా పూర్వ విద్యార్థిని యొకతె లెక్కలలో మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలై, పరీక్షాఫలితములు రాకముందే వివాహమై సరిహద్దు అవతలకు పోయినది. అక్కడ ఉపాధ్యాయినిగా చేరవలెనన్న ఆమె స్థానికురాలు కాదు. ఇచ్చటికి వచ్చి పనిచేయుట ఆ యింటివారికి సమ్మతము కాదు. సంబంధము చూచునప్పుడు కట్నకానుకల మాట వచ్చినంత స్పష్టముగా ఈ రెండు మాటలును రావలెను: అమ్మాయి ఎక్కడ ఉండును, ఏ పని చేయును? పెండ్లికి ముందు ఒకటి రెండు సంవత్సరములు ఆమెను ఉద్యోగము చేయనిండు. తన కాళ్ళమీద నిలిచిన ఊరొకటి ఉన్నదను ధైర్యము ఆమెకు ఆయుష్షున్నంత వరకు ఉపకరించును.

పనికై పోయిన ఊరే నిలుచు ఊరు కానక్కరలేదనుటకు మన పాత కోలారు జిల్లా బిడ్డయే ఉదాహరణము. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు ఆంధ్రదేశపు ఊరి పేరు. పూర్వులు అక్కడివారు. ఆయన పుట్టినది ముద్దేనహళ్ళిలో. ఆ గ్రామము 2007లో జిల్లా విడిపోయిన తర్వాత చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినది. బెంగుళూరులోను, పూనాలోను చదివి, బొంబాయి ప్రభుత్వ కొలువులో రెండు దశాబ్దములకు పైగా పనిచేసెను. 1908 నాటి మూసీ వరద తర్వాత హైదరాబాదునకు పని చేసెను. 1909లో మైసూరునకు ముఖ్య ఇంజనీరుగా వచ్చి, 1912 నుండి 1918 వరకు దివానుగా నుండెను. తండ్రితాతల ఊరు, పుట్టిన ఊరు, చదివిన ఊరు, పనిచేసిన ఊళ్ళు అన్నియు వేర్వేరు. ఏ పని ఏ ఊరికి పిలిచిన ఆ ఊరికి పోవుటకు ఆయనకు వీలు చిక్కినది. మనమందరము విశ్వేశ్వరయ్యలము కాకపోవచ్చును. పిలుపు వచ్చినప్పుడు కదలుటకు వీలుగా నుండుట మాత్రము ఎవరికైనను సాధ్యమే.

నా మాటకు ఎదురు మాట కలదు, దానిని దాచను. "మీరు ఆగుమన్నారు, ఆగిన కొలది స్థలముల ధరలు పెరిగినవి. ముందుగా కొనినవారే బాగుపడిరి" అని ఒక తండ్రి నాతో అనెను. అతడు చెప్పినది నిజము. మా బంధువులలోనే హోసకోట వైపు ఎప్పుడో చిన్న స్థలము కొని లాభపడినవారున్నారు. చేతిలో మిగులు డబ్బున్నవాడు స్థలము కొనుట వ్యాపారము. లాభము రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినను రాకున్నను అతని కుండలో అన్నముడుకును. ఉన్న ఒక్క చేను అమ్మి, రాని జీతమును తాకట్టు పెట్టి కొనుట అట్టిది కాదు. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు ఊరక అనలేదు. ధర పెరుగుట వలన పోవు లాభమును నేను ఒప్పుకొందును. మా యింటి తొమ్మిదేండ్ల బాకీని చూచిన కన్నులతో ఆ నష్టమే చిన్నదని తలంతును.

కనుక డిగ్రీ ముగించువారికి నా సలహా ఇది. మొదటి అయిదు సంవత్సరములు బాడుగ యింటనే ఉండుడు. ఆ కాలములో పని నేర్చుకొనుడు, ఆరు నెలల ఖర్చునకు చాలు డబ్బు కూడబెట్టుడు, చదువునకు చేసిన అప్పు తీర్చుడు. ఇచ్చటి చేను అర యెకరమైనను అమ్మనీయకుడు. కౌలుకిచ్చి పహణీలో పేరు సరిగా ఉంచుకొనుడు. ఆ తర్వాత ఒక ఊరిలో నిలువదలచినచో మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కొలువు పోయినచో ఇదే ఊరిలో మరియొకటి దొరకునా? అర్ధరాత్రి ఆపద వచ్చినచో తలుపు తట్టుటకు ఒక్క ఇల్లైనను ఇచ్చట కలదా? ఈ చోటి మనుష్యులలో కలిసి, వారి భాష మాటలాడి, వారి మంచిచెడ్డలలో పాలుపంచుకొనుటకు నాకు మనస్సున్నదా? మూడింటికిని ఔనని చెప్పగలిగిన ఊరు బెంగుళూరైనను, తిరుపతియైనను, ముళబాగిలైనను అక్కడ నిస్సందేహముగా ఇల్లు కట్టుకొనుడు. రెండింటికి కాదని వచ్చినచో ఇంకను బాడుగ కట్టుచునే యుండుడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పిల్లవాడు బెంగుళూరు పోయి రెండేండ్లయినను ఇల్లు కొనలేదని చుట్టముల ముందు చిన్నబుచ్చకుడు. ఊరికి తిరిగి వచ్చినచో ఓడిపోయి వచ్చెనని అనకుడు. పిల్లలు మాకు వ్రాయు అబద్ధములలో సగము ఈ రెండు మాటలకు వెరచి వ్రాసినవే.

ఈ సలహాలో నా స్వార్థము లేదనను. అందరును కుటుంబములతో తరలిపోయినచో మన తెలుగు తరగతులలో పిల్లలుండరు. ఇప్పటికే నేను చేరిన నాటికన్న బల్లలు ఖాళీగా నున్నవి. పిల్లలు లేని బడి నిలువదు. నా కొలువును నిలువదు. అయినను బడిని నిలుపుటకై మీరు ఆగుడని అడుగుటకు నాకు హక్కు లేదు. నేను తిరిగి వచ్చినది త్యాగముతో కాదు. అక్కడ నేను స్థానికుడను కాను. ఇచ్చట నాన్న అప్పు తీరవలసి యుండెను. మొదటి కొన్ని సంవత్సరములు తక్కువ జీతముతో పనిచేయుచు, ఎందుకు వచ్చితినా యని చింతించిన రాత్రులును కలవు. మెల్లమెల్లగా పై మూడు ప్రశ్నలకును ఈ ఊరిలోనే నాకు ఔనని సమాధానము దొరకినది. అప్పుడు గాని నేను స్థిరపడితినని అనుకొనలేదు. దానికి పండ్రెండు సంవత్సరములు పట్టినది.

శిక్షణకు బయలుదేరిన నాడు మా నాయన నన్ను బంగారపేట వరకు సాగనంపుటకు వచ్చెను. బండి కదలుటకు ముందు ఆయన చెప్పినది రెండు మాటలే: "పని యాడుంటే ఆడికి పో నాయనా. ఇల్లు మాత్రం నిదానించి కట్టు." తన యింటి అప్పు ఇంకను ఏడేండ్లు కట్టవలసియున్న మనిషి చెప్పిన మాట అది. ఈ సంవత్సరము మన పాఠశాల విడిచి పోవు పిల్లలందరికి నేనును దానినే చెప్పి పంపుచున్నాను. మీరు పోయిన ఊరి నుండి ఒక ఉత్తరము వ్రాయుడు. తెలుగులో వ్రాసిన మరింత సంతోషింతును.

మీ క్షేమము గోరు,
తెలుగు ఉపాధ్యాయుడు